రీకాల్ చేసిన చీజ్ తిన్న గర్భిణికి మందులు ఎప్పుడు, థర్మామీటర్ ఎప్పుడు

మీరు అడిగింది: ఐదో నెల, డల్లాస్‌లో ఉంటున్నారు. పది రోజుల కిందట టాకోల మీద పొడిపొడిగా చల్లిన క్వెసో ఫ్రెస్కో అనే మెత్తటి మెక్సికన్ చీజ్ తిన్నారు. నిన్న ఆ చీజ్‌లో లిస్టీరియా అనే క్రిమి ఉందని రీకాల్ చేశారు, అంటే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. అబార్షన్ అవుతుందా, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాలా?

ఏ లక్షణమూ లేనప్పుడు మందులూ వద్దు, పరీక్షలూ వద్దు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సలహా కూడా ఇదే. మల పరీక్ష అసలు చేయించకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో కూడా ఈ క్రిమి అప్పుడప్పుడు ఉండి పోతుంటుంది, దాంతో తేలేదేమీ ఉండదు. డాక్టరుకి మాత్రం విషయం ఇవాళే చెప్పి ఉంచండి.

అయితే పది రోజులు గడిచాయి కదా అని వదిలేయకూడదు. మామూలు ఫుడ్ పాయిజనింగ్ ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. ఇది పేగు దాటి రక్తంలోకి వెళ్తే లక్షణాలు కనపడటానికి ఒక్కోసారి 70 రోజులు కూడా పడుతుంది. కాబట్టి తిన్న రోజు నుంచి పది వారాలు లెక్కపెట్టుకోండి. ఒళ్లునొప్పులు, చలి, నడుంనొప్పి, నీరసం ఏది అనిపించినా ముందు థర్మామీటర్ పెట్టి అంకె రాసుకుని, ఆ తర్వాతే టైలెనాల్ (పారాసిటమాల్) వేసుకోండి. ముందే మాత్ర వేస్తే జ్వరం దిగిపోతుంది, డాక్టరుకి చూపించడానికి ఏమీ మిగలదు. 100.6 ఫారన్‌హీట్ దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అర్ధరాత్రయినా సరే. బిడ్డ కదలిక తగ్గినా, పొట్ట బిగుసుకుంటున్నా అంతే.

అక్కడ "జ్వరంగా ఉంది" అని ఊరుకుంటే ఫ్లూ అనుకుని పంపేయవచ్చు. "రీకాల్ అయిన చీజ్ ఫలానా తేదీన తిన్నాను" అని మొదటి మాటగా చెప్పండి. చేయాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిమి పెరుగుతోందేమో చూసే పరీక్ష. రిపోర్టుకి రెండు మూడు రోజులు పట్టవచ్చు కాబట్టి, అనుమానం బలంగా ఉంటే ఆలోపే నరంలోకి ఆంపిసిలిన్ అనే పెన్సిలిన్ జాతి మందు మొదలుపెడతారు. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పాలి, అప్పుడు వేరే మందు చూస్తారు. ఇండియా నుంచి తెచ్చుకున్న సెఫిక్సిమ్ యాంటీబయాటిక్ మాత్రలు సూట్‌కేసులోనే ఉండనివ్వండి. ఆ జాతి మందులు లిస్టీరియా మీద పనిచేయవు.

భయం ఎందుకంటే, ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుని ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి పాకుతూ మాయను చేరుతుంది. తల్లికి చిన్న జ్వరంలా వచ్చి తగ్గిపోతుంది, మాయలో మాత్రం చీము పొక్కులు పడతాయి. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇలాంటి చీజ్ వల్లే 142 మందికి సోకితే, అందులో 93 కేసులు గర్భిణులు, వాళ్ల బిడ్డలవే. నిజంగా సోకినవాళ్లలో దాదాపు నాలుగింట ఒకరు బిడ్డను కోల్పోతారు. కానీ తినడం వేరు, సోకడం వేరు. తిన్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు.

ఇక మీ ఫ్రిజ్. ఆ చీజ్ ఇంట్లో కూడా ఉంటే సంచిలో కట్టి పారేయండి. అరలు సబ్బు వేడినీళ్లతో కడిగి, గ్యాలన్ నీళ్లకి ఒక టేబుల్‌స్పూన్ బ్లీచ్ కలిపి తుడవండి. చాలా క్రిములు చలికి ఆగిపోతాయి, ఇది ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. వేడికి చస్తుంది. నిన్నటి కూరైనా, షాపులో కోసి అమ్మే టర్కీ కోడి మాంసం ముక్కలైనా లోపలిదాకా 165 ఫారన్‌హీట్, అంటే పొగలు కక్కేదాకా వేడి చేయండి. మైక్రోవేవ్‌లో అంచులు మరుగుతాయి, నడుమ చల్లగానే ఉంటుంది, అందుకే మధ్యలో ఒకసారి కలపాలి.

డబ్బా మీద పాశ్చరైజ్డ్ అని ఉంటే చాలనుకోవద్దు. పాలు కాచాక, చీజ్ తయారయ్యేచోట కూడా క్రిమి చేరుతుంది. క్వెసో ఫ్రెస్కో కాన్పు దాకా పక్కన పెట్టడమే మంచిది. పనీర్ కూరలో కుతకుత ఉడికితే పర్వాలేదు, ప్యాకెట్ విప్పి ముక్క నోట్లో వేసుకోవద్దు. బొప్పాయి అంటే ఇల్లంతా గగ్గోలు పెడతారు గానీ, బలమని గర్భిణికి రోజూ పచ్చి పెసర మొలకలు పెట్టేదీ మనమే. అవి ఉడికించే తినాలి. ఫామ్ నుంచి పచ్చిపాలు తెచ్చి జున్ను చేస్తుంటే, నడిమధ్య చాకు గుచ్చితే తడి అంటకుండా రావాలి, ఆ చాకు చేతికి చురుక్కుమనేంత వేడిగానూ ఉండాలి.