సాక్ష్యం చెప్పే పిల్లల్ని ఊరికే అడగబాక

అమ్మాయ్,

పోక్సో కేసుల్లో, అదే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, పిల్లలకి తోడుండే సపోర్ట్ పర్సన్‌గా చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే భలే సంతోషమేసింది, ఆ వెంటనే దడ కూడా పట్టుకుంది. స్కూటీ మీద పల్లెలన్నీ తిరుగుతావేమో, పొద్దుగూకక ముందే నెల్లూరు చేరు, ముద్దాయి తరపోళ్ళు టీ తాగిపొమ్మన్నా ఆగబాక.

రూల్స్ ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు, కోర్టులో లాయర్ల ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే పిల్లకి పోవాలి, మాటిమాటికీ పిలిపించకూడదు. పన్నెండేళ్ళ లోపు పిల్లకి ప్రమాణమంటే ఏందో తెలీకపోయినా నిజం చెప్పాలని తెలిస్తే చాలు, సాక్ష్యం తీసుకుంటారు.

నా భయమంతా ఆ పిల్లల ఇంట్లోవాళ్ళ గురించే. నేను కావలి కోర్టులో బెంచి క్లర్కుగా ఉన్నప్పుడు ఒక గొలుసు దొంగతనం కేసు, చూసింది ఎనిమిదేళ్ళ పిల్లోడు. మొదటిరోజు వాడు చెప్పింది ఒక్కటే, ఒకాయన పరిగెత్తాడు, భుజాన తువ్వాలుంది అని. కోర్టుకొచ్చేసరికి ఎర్ర చొక్కా, బుగ్గన మచ్చ, బండి రంగు, అన్నీ గడగడా అప్పజెప్పాడు. ముద్దాయి లాయరు అరవనుకూడా లేదమ్మా, మచ్చ సంగతి నీకెట్ట తెలుసు నాయనా అని మెల్లగా అడిగాడు. "మామయ్య రోజూ అడిగాడు సార్, మచ్చ ఉందా లేదా అని, ఉందన్నాక అడగడం మానేశాడు" అన్నాడు వాడు. అంతే, కేసు కొట్టేశారు, తువ్వాలు మాట నిజమే అయినా దానికీ విలువ లేకుండా పోయింది. ఆ మామయ్య చెడ్డోడేం కాదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. పిల్లోడు కూడా అబద్ధమాడలా, అప్పటికి ఆ మచ్చ వాడి కళ్ళకి కనపడతానే ఉంది.

పిల్లల్ని వాళ్ళ మానాన చెప్పనిస్తే కొంచెమే చెప్తారు, చాలావరకు సరిగ్గానే చెప్తారు. అడిగిందే మళ్ళీ అడిగితే, ముందు చెప్పింది తప్పేమో అనుకుని మార్చేస్తారు. అమెరికాలో మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసని, బడిలో పిల్లల్ని లైంగికంగా వేధించారన్న కేసు, 1983లో మొదలై 1990 దాకా నడిచింది, పిల్లల నోట్లో మాటలు పెట్టి అడిగారని తేలి ఒక్కరికీ శిక్ష పడలా.

అందుకని నువ్వు పోగానే పిల్ల అమ్మమ్మకీ, పిన్నికీ గట్టిగా చెప్పు, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి రిహార్సల్ చేయించొద్దని. వాళ్ళు నిన్ను తిడతారు, పడు. పిల్ల తనంతట తాను ఏదన్నా చెప్తే విను, ఎర్రదా నల్లదా అని నువ్వు అందించబాక.

ఆదివారం ఇంటికి రా, పెద్దమ్మ చేపల పులుసు చేస్తానంటోంది. కేసు సంగతులు మాత్రం నాకు చెప్పబాక, నేనడిగినా సరే.

మీ పెదనాన్న