స్టీరింగ్‌లో ప్లే (వదులు) లేకున్నా బండి తిన్నగా పోవడం లేదా?

ప్రశ్న: నేను ట్రాక్టర్-ట్రైలర్ (ట్రైలర్‌ను తగిలించి లాగే భారీ లారీ) నడుపుతాను. ముందు కమాను పట్టీలు, ముందు టైర్లు మార్పించినప్పటి నుంచి వేగం అందుకోగానే బండి కాసేపు ఎడమకు, కాసేపు కుడికి జరుగుతోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం లేదు. రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించాను. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ గేర్లు ఉండే పెట్టె) మీది స్క్రూ బిగిస్తే ప్లే తగ్గింది కానీ బండి తీరు మరింత చెడింది. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: స్టీరింగ్ మధ్యకు రావడం లేదన్న మాట, స్క్రూ బిగిస్తే పరిస్థితి మరింత చెడిందన్న మాట, ఈ రెండూ మీ లేఖలో అన్నిటికన్నా విలువైన ఆధారాలు. బండి అటూ ఇటూ పోతే ఎక్కడో వదులు ఉందని అందరూ వెతుకుతారు. నిజానికి బిగుతు కూడా అదే లక్షణాన్ని చూపిస్తుంది. ఎందుకంటే ఎక్కడో పట్టేసిన భాగం ముందు కదలకుండా మొరాయించి, డ్రైవరు బలం పెంచగానే ఒక్కసారిగా వదిలేయడం వల్ల చక్రాలు కావలసిన దానికన్నా ఎక్కువ తిరుగుతాయి, దాన్ని సరిదిద్దబోతే రెండో వైపూ అదే జరుగుతుంది. మీ బండిలో మొదట వెతకవలసింది బిగుతునే అని నా అభిప్రాయం.

స్టీరింగ్ బాక్స్ స్క్రూను ముందుగా తయారీదారు చెప్పిన స్థితికి తెప్పించండి. అది లోపలి పళ్లు మధ్య స్థానంలో ఎంత దగ్గరగా కలవాలో నిర్ణయించే స్క్రూ. వేరే కీళ్లలోని అరుగుదలను కప్పిపుచ్చడానికి దాన్ని వాడకూడదు. డ్రాగ్ లింక్‌ను (బాక్స్ నుంచి ముందు చక్రానికి కదలికను అందించే కడ్డీని) విప్పి, బాక్స్‌ను విడిగా తిప్పి చూసినప్పుడే దాని అసలు స్థితి తెలుస్తుంది. ముందు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్స్ కూడా తన మధ్య గుర్తు మీదే ఉందో లేదో అప్పుడే చూడమనండి. స్టీరింగ్ వంకరగా కనిపిస్తోందని స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి తిన్నగా బిగించే అలవాటు కొందరికి ఉంది; దానితో చూపుకు అంతా సరిపోతుంది కానీ బాక్స్ మాత్రం మధ్య స్థానం తప్పి, ప్లే ఎక్కువగా ఉండే చోట పని చేస్తూ ఉంటుంది.

ఇక నాకు ఎక్కువ అనుమానం కమాను పట్టీల పని మీదే ఉంది. చాలా బండ్లలో పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ఇనుప చెక్క ఒకటి ఉంటుంది. దాన్ని ముందు వెనుకలుగా తిప్పి పెట్టినా, పెట్టడం మరచినా కింగ్‌పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) వెనక్కి వాలే కోణం, అంటే క్యాస్టర్, తగ్గిపోయి చక్రాలకు తిన్నగా నిలిచే గుణమే పోతుంది. ఈ కోణం సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లోని అంకె తుది ప్రమాణం. అలైన్‌మెంట్ పేరుతో చాలాచోట్ల టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సరిచేసి పంపుతారు కనుక, రెండు వైపుల క్యాస్టర్ అంకెలను కాగితం మీద రాయించి తీసుకోండి. వెనుక గాలి సస్పెన్షన్ ఉండి, అది ఉండవలసిన ఎత్తుకన్నా పైకి లేచి ఉంటే, ఆ మేరకు ముందు భాగం వాలి క్యాస్టర్ మళ్లీ తగ్గుతుంది. అందువల్ల ఎత్తు సరిచూసిన తరువాతే కోణం కొలవాలి. పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యు-బోల్టుల బిగింపును కూడా టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించండి, ఎందుకంటే కొత్త పట్టీలు కొంత నడిచాక కుదురుకొని బోల్టులు వదులవుతాయి.

ఇవన్నీ సరిగానే ఉంటే కింగ్‌పిన్‌ల వంతు. ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, డ్రాగ్ లింక్ విప్పి చక్రాలను చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా కదలాలి. గ్రీజు అందక ఎండిన కింగ్‌పిన్ ఇక్కడ దొరికిపోతుంది.

వదులు పరీక్షను చివరకు పెట్టుకున్నా మానవద్దు. బండి నేల మీదే ఉండగా, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే, మరొకరు స్టీరింగ్ షాఫ్ట్ కీళ్లు, డ్రాగ్ లింక్, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) చివరలు వరుసగా గమనించాలి. 20 అంగుళాల స్టీరింగ్ చక్రానికి అంచు దగ్గర సుమారు 2 అంగుళాలకు, అంటే దాదాపు 10 డిగ్రీలకు, మించి ప్లే వచ్చిందంటే బండిని అదుపులో ఉంచడం కష్టమవుతుంది.

టైర్ల విషయం కొంచెమే. లోతైన గాడులున్న కొత్త టైర్లు మొదట్లో కాస్త మెత్తగా తోచడం సహజం. అయితే స్టీరింగ్ మధ్యకు రాకపోవడానికి అది కారణం కాదు. చల్లగా ఉన్నప్పుడు రెండింటి గాలినీ గేజితో చూసి సమానం చేస్తే చాలు.

ప్రశ్న: నా బండి ఒక ట్రైలర్‌తోనే ఇలా చేస్తుంది, మరొకటి తగిలిస్తే బాగానే పోతుంది. స్టీరింగ్ విప్పించాలా?

జవాబు: విప్పించవద్దు. మీ పరీక్షలోనే ట్రాక్టర్ చాలావరకు నిర్దోషి అని తేలింది. ఆ ట్రైలర్ కింది ప్లేటు వంగి ఉందేమో, యాక్సిళ్లు చట్రానికి లంబంగా ఉన్నాయేమో, వెనుక నుంచి చూస్తే ట్రైలర్ ఓరగా పోతోందేమో చూడండి. ఫిఫ్త్ వీల్ (ట్రైలర్ ఆనే, ట్రాక్టర్ మీది పళ్లెం) మీద గ్రీజు ఎండిపోయినా మలుపు తరువాత బండి తిన్నగా రావడానికి మొరాయిస్తుంది. కానీ అది రెండు ట్రైలర్లకూ ఉమ్మడి భాగం కనుక మీ విషయంలో అనుమానం తక్కువ. సరుకు మరీ వెనుకకు సర్ది ఉంటే ట్రాక్టర్ మీద పడే బరువు తగ్గుతుంది. కాబట్టి రెండు ట్రైలర్లనూ ఒకే రకం లోడుతో, లేదా రెంటినీ ఖాళీగా, ఒకే రోడ్డు మీద నడిపి చూసిన తరువాతే ఆ ట్రైలర్‌ను మరమ్మతుకు పెట్టండి.