బండి సందేహాలు: ఇంజెక్షన్ బైకుల మైలేజీ

ప్రశ్న: నాది హిమాలయన్ 411, బీఎస్6 మోడల్. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చేది. బెండు పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చేది), సైలెన్సర్ మార్పించాక 25కి పడిపోయింది. రైజ్ చేసి వదిలితే పటపటమంటోంది. ఈసీయూ (పెట్రోలు లెక్క చూసే బండి కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే, అంటే ఆ లెక్క మార్పిస్తే, మైలేజీ పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ దగ్గర చిన్న ప్లగ్గు తగిలిస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయించాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ వద్దు. ముందు బెండు పైపు ఇంజిన్‌కు కలిసేచోట లీకు ఉందేమో చూడండి. మైలేజీ తగ్గడం, పటపటమనడం, రెండూ పైపు మార్చాకే మొదలయ్యాయంటే మొదటి అనుమానం దాని మీదే.

మీ బండికి బెండు పైపు మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది చెబితే, దాన్నిబట్టి ఈసీయూ ఇంజెక్టర్ తెరిచే సమయాన్ని సరిచేసుకుంటుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి (బరువు లెక్కన, ఇథనాల్ కలవని పెట్రోలుకు) దగ్గర నిలబెట్టడమే దాని పని. పొగ ఇంజిన్ నుంచి తెరలు తెరలుగా వస్తుంది. తెరకూ తెరకూ మధ్య పైపులో ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. అతుకు దగ్గర సందు ఉంటే ఆ క్షణంలో బయటి గాలి లోపలికి దూరుతుంది. ఇంజిన్ సరిగ్గానే కాలుతున్నా సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువగా కనిపించి, పెట్రోలు చాలడం లేదని ఈసీయూ ఇంకాస్త పోస్తుంది. మీ మైలేజీ పోయే దారి అదే కావచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పటపట శబ్దం, మిగిలిన పెట్రోలు ఆ గాలితో కలిసి పైపులో అంటుకోవడం.

పరీక్ష తేలిక. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసుకుని, స్టార్ట్ చేసిన వెంటనే ఇంజిన్ హెడ్ (పైభాగం) దగ్గరి అతుకు మీద, సెన్సర్ బిగించిన చోట, సైలెన్సర్ అతుకు మీద కొట్టండి. పైపు వేడెక్కేలోపు, అంటే అర నిమిషంలోనే చూసెయ్యాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. అతుకు చుట్టూ నల్లటి మసి చార ఉన్నా అదే అర్థం. సెన్సర్‌కు ముందున్న లీకు ఎక్కువ నష్టం చేస్తుంది. వెనక దూరంగా ఉన్నదానితో మైలేజీకి పెద్దగా బాధ లేదు.

లీకు దొరికితే గ్యాస్కెట్ (అతుకులో సందు మూసే రింగు) కొత్తది వెయ్యండి. పాతది ఒకసారి నలిగాక మళ్లీ పట్టు ఇవ్వదు. పైపు మార్చేటప్పుడు చాలా షాపుల్లో దాన్నే తిరిగి వేస్తారు, అక్కడే చిక్కంతా. నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే ఫ్లాంజ్ (పైపును ఇంజిన్‌కు బిగించే పట్టీ) ఒక పక్కకు వంగుతుంది. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగింపు చూడండి. ఇంకో జాగ్రత్త: అతుక్కి మామూలు సిలికాన్ సీలెంట్ పూయనివ్వకండి. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

కొత్త బెండు పైపుకు అసలు సెన్సర్ రంధ్రమే లేకపోతే విషయం వేరు. అలాంటప్పుడు సెన్సర్ తీసేసి, వైరుకు రెసిస్టర్ తగిలించి మీటరులో ఇంజిన్ హెచ్చరిక లైటు రాకుండా చేస్తారు. ఇక ఈసీయూకు పొగ సంగతి తెలియదు కాబట్టి, ఇంజిన్ వేడెక్కకుండా కాస్త చిక్కగా పోసే ముందస్తు లెక్కకు వెళ్లిపోతుంది. దానికి మందు పాత పైపు తిరిగి పెట్టుకోవడమే.

లీకు లేదంటే సెన్సర్‌ను చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెడితే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. కింద 0.2 దగ్గరే నిలిచిపోతే బయటి గాలి దూరుతోంది, లేదా సెన్సర్ చచ్చిపోయింది. పైన 0.8 దాటి కదలకపోతే పెట్రోలు నిజంగానే ఎక్కువ పడుతోంది. అప్పుడు ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్‌ను అనుమానించండి. అది ‘ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది’ అని చెబుతూ ఉంటే, పొద్దున స్టార్ట్ చేసినప్పటి చిక్కటి మిశ్రమమే దారంతా నడుస్తుంది.

ఆ చిన్న ప్లగ్గు చేసేదీ ఇలాంటి అబద్ధమే. గాలి ఉన్నదానికన్నా చల్లగా ఉందని ఈసీయూకు చెబుతుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. పికప్ కాస్త నునుపుగా అనిపించవచ్చు, మైలేజీ మాత్రం పెరగదు. రీమ్యాప్‌తో మైలేజీ తేవాలంటే ఆక్సిజన్ సెన్సర్ దిద్దుబాటును ఆపేసి మిశ్రమాన్ని పల్చన చేయాలి. గాలితో, ఆయిల్‌తో చల్లబడే పెద్ద సింగిల్ సిలిండర్‌కు మన మే నెల ఎండల్లో అది మంచిది కాదు. హెడ్ వేడి పెరుగుతుంది, లోడు మీద నాకింగ్ (ఇంజిన్‌లో టకటక శబ్దం) వస్తుంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే అది సరిగా పనిచేయదు. లీటరుకు రెండు కిలోమీటర్ల కోసం వాల్వులను పణంగా పెట్టకండి.

ప్రశ్న: నా డొమినార్ 400 మైలేజీ లెక్కవేసిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తోంది. పైగా ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక తగ్గిందనిపిస్తోంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండు వందల రూపాయల పెట్రోలు పోయించి లెక్కవేస్తే ఎప్పుడూ సరైన అంకె రాదు. బండిని సైడ్ స్టాండ్ మీద కాకుండా నిటారుగా నిలబెట్టి, ట్యాంకు మెడ అడుగు అంచు దాకా పోయించండి. కనీసం 250 కిలోమీటర్లు నడిపి, అదే బంకులో అదే గీత దాకా మళ్లీ నింపి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకుల సగటు తీస్తేగాని ఒక నిర్ణయానికి రాకండి. టైరు సైజు మార్చి ఉంటే ఓడోమీటర్ కూడా తప్పు చెబుతుంది. హైవే కిలోమీటరు రాళ్లతో పది కిలోమీటర్లు సరిచూసుకోండి.

ఇ20తో తగ్గుదల ఉంటుంది, దానికి కారణం మీ ఇంజిన్ కాదు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఇ20లో 6–7 శాతం, ఇ10తో పోలిస్తే 3–4 శాతం శక్తి తక్కువ. లీటరుకు 30 ఇచ్చే బండి ఇ10 నుంచి ఇ20కి మారితే 29కి రావడం సహజం. మీకు 25 వస్తుంటే మాత్రం ఇథనాల్ మీద నెట్టకండి. మీది నీళ్లతో చల్లబడే ఇంజిన్ కాబట్టి మొదట థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) చూపించండి. అది తెరుచుకుని అలాగే ఉండిపోతే హైవే గాలికి ఇంజిన్ అసలు వేడే అందుకోదు. పది నిమిషాలు నడిపినా ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోవడం దాని గుర్తు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు. ఈ ఇంజిన్‌కు మూడు ఉంటాయి. చేతికి అందేది ఒక్కటి మార్చి సర్వీసు అయిపోయిందంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ ఎంత పెరుగుతుంది?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: దాదాపు ఏమీ పెరగదు. కార్బురేటర్ రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం చిక్కబడేది. ఇంజెక్షన్ బండిలో లోపలికి వచ్చే గాలిని కొలిచి, దాన్నిబట్టి పెట్రోలు పడుతుంది కాబట్టి తగ్గేది పికప్, టాప్ స్పీడు. దుమ్ము లోపలికి పోకుండా ఉండటానికి మాన్యువల్ ప్రకారం మార్చండి, మైలేజీ ఆశతో కాదు.

ప్రశ్న: హిమాలయన్ 411కి ముందు స్ప్రాకెట్ 15 పళ్ల బదులు 16 పళ్లది వేయిస్తే హైవేలో మైలేజీ వస్తుందంటున్నారు. వేయించనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అదే వేగంలో ఇంజిన్ ఆరు శాతం నెమ్మదిగా తిరుగుతుంది. 5000 ఆర్‌పీఎం ఉండేది 4700 దగ్గరికి వస్తుంది. వణుకు తగ్గుతుంది, చదునైన హైవేలో ఒంటరిగా 80 మీద పోయేవారికి కొంచెం లాభం ఉండవచ్చు. వెనక మనిషి, సామాను వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఒక గేరు కిందికి వెయ్యాలి, హైవేలో ఎదురుగాలి కొడితే అయిదో గేరులో మూలుగుతుంది. అక్కడ వచ్చింది ఇక్కడ పోతుంది. నా సలహా, వద్దు. ఆ డబ్బుతో చైన్ సంగతి చూసుకోండి. కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో కడిగి, తుడిచి, 90 గేరాయిల్‌ను చైన్ లోపలి వైపు పూయండి. రైడ్ అయిపోయి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు పూస్తే లోపలికి దిగుతుంది. పెట్రోలుతో కడిగితే చైన్ లింకుల్లోని రబ్బరు ఓ-రింగులు చెడతాయి. తర్వాత మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. వెంటనే ఆగిపోతే చైన్ బిగుసుకుందో, బ్రేకు పట్టేస్తోందో తేలాలి. బ్రేకే అయితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తీసి, శుభ్రం చేసి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పెట్టించండి. ఈ ఒక్క పనితో బాగుపడే బండ్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న: మీటియర్ 350 మీద ఇద్దరం, మూడు పెట్టెలతో గోవా వెళ్తున్నాం. మైలేజీ కోసం కారుకు వాడే 5డబ్ల్యూ30 పల్చటి ఆయిల్ పోయించమంటున్నారు. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆయిల్ మాట వినకండి. మీ క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు క్లచ్‌ను జారేలా చేస్తాయి. ఇంజిన్ తిరుగుతుంది, బండి ముందుకు రాదు, మైలేజీ ఇంకా పడిపోతుంది. కంపెనీ చెప్పిన 15డబ్ల్యూ50, జాసో ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోయే బైకు ఆయిల్ ప్రమాణం) రకమే పోయించండి.

మీ చేతిలో ఉన్న అసలు మీట వేగం. 80 నుంచి 100కి వెళితే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వెడల్పాటి పెట్టెలు ఉన్నప్పుడు ఆ భారం ఇంకా తెలుస్తుంది. బరువైన సామాను పక్క పెట్టెల్లో కిందికి, ముందుకు సర్దండి, వెనక పెట్టెలో రెయిన్ కోట్లలాంటి తేలిక సామానే పెట్టండి. టైర్లలో గాలి పొద్దున బయల్దేరే ముందు, బండి కదలకముందే, ఇద్దరు కూర్చునే లెక్క ప్రకారం కొట్టించండి. ఆ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. మధ్యాహ్నం బంకులో కొలిస్తే వేడికి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. ఎక్కువైందని తీయించకండి, మర్నాటి పొద్దునకు టైరు మెత్తబడిపోతుంది.

ప్రశ్న: అరకు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, ఆర్‌పీఎం తగినంత ఉన్నంతసేపు ఇంజెక్టర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. ఇంజిన్‌ను తిప్పేది చక్రమే. న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కు కావలసిన పెట్రోలు పడుతూనే ఉంటుంది, బ్రేకుల మీద మొత్తం బరువు పడి అవి వేడెక్కుతాయి. క్లచ్ నొక్కిపట్టి దిగినా ఇదే నష్టం. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరులో దిగండి.