ఫ్రిజ్ వైరుకి క్లాంప్ మీటర్ పెడితే సున్నా చూపిస్తోంది, మీటర్ పోయిందా?

పోలేదండీ, కొట్టుకి తిరిగి ఇచ్చేయకండి. క్లాంప్ మీటర్ అంటే వైరుని కోయకుండా రెండు దవడల మధ్య పెట్టి కరెంటు కొలిచేది. మీరు రాసినదాన్ని బట్టి ఫ్రిజ్ నడుస్తుండగా దాని వైరు మొత్తాన్ని దవడల మధ్య పెట్టారు. అందులో ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ ఉన్నాయి. ఫేజులో వెళ్ళిన కరెంటే న్యూట్రల్‌లో వెనక్కొస్తుంది. రెండిటి అయస్కాంత క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మీటర్‌కి మిగిలేది సున్నాయే.

నేనూ ఇలాగే విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొన్న మీటర్‌ని మర్నాడు పొద్దున్నే వెనక్కి పట్టుకెళ్ళాను. కొట్టాయన నవ్వి, "ఒక ఎద్దు ఇటు, ఒక ఎద్దు అటు లాగితే బండెటెళ్తాది బాబూ?" అన్నాడు. తన ఇస్త్రీపెట్టెని ఒక పాత ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి, ఆ బోర్డు వైరులో విడిగా లాగి ఉంచిన ఎర్రవైరు (అదే ఫేజు) ఒక్కదాన్నీ దవడలో వేశాడు. 4.2 ఆంప్స్ వచ్చింది. 1000 వాట్ల పెట్టె, సరిగ్గానే ఉంది.

అంతవరకూ బాగానే ఉంది. ఇంటికొచ్చి నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకూడదనే ఇంత రాస్తున్నాను. ఎర్రవైరు బయటికి తీయాలి కదా అని ఫ్రిజ్ వైరు తొడుగునే బ్లేడుతో చీల్చాను, ప్లగ్ పీకకుండా! వెనకనుంచి అమ్మ "ఏటి సేస్తన్నావురా?" అనేలోపే నీలం మెరుపు, టప్‌మని శబ్దం, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోయింది. బ్లేడు ఫేజునీ ఎర్తునీ ఒకేసారి తాకింది. అంచున కందిగింజంత ముక్క కరిగిపోయిన ఆ బ్లేడు ఇప్పటికీ నా టూల్ డబ్బాలో ఉంది. నాకేమీ కాలేదు గానీ ఫ్రిజ్‌కి కొత్త వైరు వేయించాల్సి వచ్చింది.

కాబట్టి వస్తువు వైరు జోలికి పోకండి. కొలవడానికే ఒక బోర్డు చేయించుకోండి: 16 ఆంప్స్ ప్లగ్ టాప్, 6/16 సాకెట్, మీటరు పొడవు 2.5 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల వైరు. ఇంకా దేనికీ కలపకముందే మధ్యలో మూరెడు మేర పైతొడుగు మాత్రమే తీయాలి. లోపలి రంగు తొడుగుల మీద గాటు పడితే ఆ ముక్క పారేసి ఇంకోటి తీసుకోవాలి. ఫేజు వైరుని వంకీలా పక్కకి లాగి ఉంచితే చాలు. స్క్రూడ్రైవర్ అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, అరగంట పని. కొలవడం అయ్యాక బోర్డు తీసి లోపల పెట్టేయండి, రోజువారీ వాడకానికి కాదు అది.

కొలిచేటప్పుడు ముందు వస్తువు ఆఫ్‌లో ఉంచి బోర్డు మీద పెట్టండి, ఫేజు వైరుకి క్లాంప్ తగిలించండి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. డయల్ ఆంపియర్ల గుర్తు పక్కన అల గీత ఉన్న చోట ఉండాలి. దవడలు పూర్తిగా మూసుకోవాలి, వైరు మధ్యలో ఉండాలి. చెయ్యి తడిగా ఉండకూడదు, కాళ్ళకి చెప్పులుండాలి, వేళ్ళు మీటర్ మీద దవడల కిందున్న అడ్డంచు దాటకూడదు. గీజర్‌ని 16 ఆంప్స్ పాయింట్‌లోనే పెట్టండి. 2000 వాట్లదైతే 8.7 దాకా లాగుతుంది. ఫ్యాన్ లాంటి చిన్న లోడ్లకి అదే వైరుని దవడలోంచి రెండుసార్లు పోనిచ్చి, వచ్చిన అంకెని సగం చేయండి.

మాకు సాయంత్రం పూట ఓల్టేజ్ పడిపోతుంది. ఒకరోజు 195 ఉన్నప్పుడు ఇస్త్రీపెట్టె కొలిస్తే 4.2 కాస్తా 3.6కి దిగింది. బోరు మోటర్ మాత్రం పగటికంటే ఎక్కువ లాగింది. నీళ్ళు తోడే పని తగ్గదు కదా, ఓల్టేజ్ తగ్గినకొద్దీ కరెంటు పెంచుకుంటుంది. మోటర్లు అలాంటప్పుడు కాలిపోవడంలో ఆశ్చర్యమేముంది!

ఇక బిల్లు సంగతి. మా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ మొదలైనప్పుడు ఒక్క క్షణం 6 ఆంప్స్ దాటి, తర్వాత 0.8 దగ్గర నిలబడుతుంది. దాన్ని 230 ఓల్టులతో గుణించి 184 వాట్లు అనుకోకండి. మోటర్‌కి పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) తక్కువ, అసలు వాట్లు అంతకంటే బాగా తక్కువే. నేను చూసింది వేరే: గడియారం పెట్టుకుని కూర్చుంటే గంటలో 45 నిమిషాలు కంప్రెసర్ ఆగలేదు. తలుపు రబ్బరు కింది మూల వదులైపోయింది. కాగితం పెట్టి తలుపేస్తే జారి వచ్చేసేది. రబ్బరు మార్చాక అదే గంటలో 20 నిమిషాలు నడిచింది, బిల్లూ దిగింది.

లీకేజీ (వస్తువులోంచి ఎర్తులోకి కారే కరెంటు) కూడా చూడాలనుకుంటే మూడు వైర్లూ కలిపి పెట్టి ప్రయోజనం లేదు, ఎర్తులోకి పోయేదీ ఆ లెక్కలోనే కొట్టుకుపోతుంది. ఎర్తు వైరు ఒక్కదాన్నే పట్టాలి. అయినా మామూలు క్లాంప్ మిల్లీ ఆంపియర్లు పట్టలేదు, సున్నా వచ్చిందని ధీమాగా ఉండకండి. షాక్ కొడుతోందంటే వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎంసీబీ పెట్టె మూత మాత్రం మీరు తీయొద్దు.

బోర్డు చేయించాక ఫ్రిజ్ నడుస్తున్నప్పటి ఆంపియర్లు, వెనక రేకు మీద రాసున్న ఆంపియర్లు, గంటలో ఎన్ని నిమిషాలు ఆడుతోందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.