నిశ్చితార్థమైన జంట పెళ్ళికి ముందు బంధువుల ఊళ్ళు తిరగొచ్చా? తిరగాలి, అదీ మండుటెండల్లోనే

అడిగిన ప్రశ్న ఇది: "నిశ్చితార్థం అయింది, పెళ్ళి కార్తీకంలో. ఈ వేసవిలో ఇద్దరం కారులో వెళ్ళి అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ చూసి రావాలనుకుంటున్నాం. పెద్దవాళ్ళు వద్దంటున్నారు. వెళ్ళొచ్చా?"

వెళ్ళండి. వాయిదా వేయకుండా ఈ మే నెలలోనే వెళ్ళండి. ఫంక్షన్ హాల్లో, పట్టుచీరల్లో అందరూ మంచివాళ్ళే. మధ్యాహ్నం కరెంటు పోయి, కుండలో నీళ్ళు అడుగంటి, ఇంటినిండా జనం ఉన్నప్పుడు ఉన్న ఒక్క విసనకర్ర ఎవరి చేతికి వెళ్తుందో చూడండి. ఆ ఇల్లు ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది. చలికాలంలో వెళ్తే ఇది కనబడదు.

మాది రాయగడ జిల్లా గుణుపురం. మా ఆయనది బరంపురం, నేతపని చేసే కుటుంబం. రెండూ తెలుగిళ్ళే, ఇద్దరం పుట్టి పెరిగింది ఒడిశాలోనే. సంబంధం ఖాయమయ్యాక ఆయన కారేసుకుని మా ఇంటికి వస్తానంటే, తర్వాత నేను వాళ్ళింటికి వెళ్తానంటే, మా నాన్న ససేమిరా అన్నారు. మా పిన్నే కల్పించుకుంది. "వెనక సీట్లో నేనుంటాను, పక్కన బుల్లోడు ఉంటాడు. ఇంకేం కావాలి బావగారూ?" అంది. నాన్న దగ్గర దానికి జవాబు లేదు.

గుణుపురంలో మొదటిరోజు భోజనాలయ్యాక ఎప్పటిలాగే కరెంటు పోయింది. అందరం వెనక వసారాలోకి చేరాం. మా నాన్నమ్మ ట్రంకుపెట్టె తెరిచి పాత చదివింపుల పుస్తకం తీసింది. ఎర్ర అట్ట, అంచులు చెదలు తినేసి ఉన్నాయి. మా నాన్న పెళ్ళి నాటి నుంచి ఎవరెవరు ఏం చదివించారో అందులో ఉంది. ఒకరు పదకొండు రూపాయలు, ఒకరు స్టీలు బిందె, ఒకరు కంచు చెంబు. దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, "చదువు బాబూ, మనవాళ్ళెవరో నీకూ తెలుస్తుంది" అంది.

ఆయన చదువంతా ఒడియా మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ అక్షరం ముక్క రాదు. పుస్తకం అలాగే పట్టుకుని ఉండిపోయారు. మా నాన్న మొహం అటు తిప్పుకున్నారు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆయన మాత్రం చాప మీద కాస్త ముందుకు జరిగి, "నాకు తెలుగు చదవడం రాదు నాన్నమ్మగారూ. మీరు చదవండి, నేను రాసుకుంటాను" అన్నారు. అంతే. నాన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతుంటే, ఆయన మా తమ్ముడి నోటుపుస్తకంలో ఒడియా అక్షరాల్లో రాసుకుంటూ పోయారు. పాతపట్నం మావయ్య, పర్లాకిమిడి పెద్దత్త, కాశీనగర్ చిన్నతాత. "ఈయనతో మాటల్లేవు, పొలం గొడవ. అయినా ముందు పిలవాల్సింది ఈయన్నే" లాంటివి కూడా ఒకటీ వదలకుండా రాశారు. మధ్యలో నాన్నమ్మ విసనకర్ర తీసుకుని, చదువుతూనే ఆయనకు విసరడం మొదలెట్టింది. పొద్దు వాలేసరికి ఆయనకి మా చుట్టరికాలు నాకంటే బాగా తెలిశాయి. శుభలేఖలు పంచేటప్పుడు ఆ నోటుపుస్తకమే మాకు ఆధారమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చదవడం రాకపోవడం ఆయన తప్పు కాదు. నేను చదివిన బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. నాకు అక్షరాలు నేర్పింది మా నాన్నమ్మే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, వాడుక భాష కోసం పోరాడారు, సవర గిరిజనుల భాషకు నిఘంటువు కట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. మధ్యలో మహేంద్రతనయ నది, అంతే. అటు పిల్లలకి తెలుగు పుస్తకం ఉంది, ఇటు పిల్లలకీ ఉండాలి. "మీరు ఒరియావాళ్ళా?" అని మమ్మల్ని అడిగే చుట్టాలు ఈ సంగతి ఒక్కసారైనా పట్టించుకోవాలి.

సరే, ప్రయాణం సంగతి. మేం గుణుపురం నుంచి పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్ళాం. ఒడిశాలో బయల్దేరి, ఆంధ్రలోకి దిగి, మళ్ళీ ఒడిశాలో తేలాలి. పెట్రోలు పర్లాకిమిడిలోనే ఫుల్ కొట్టించండి, ఆంధ్రలో లీటరుకి ఎక్కువ పడుతుంది. పలాసలో జీడిపప్పు కొనండి, ఏ అత్తగారూ కాదనరు. తెల్లవారకముందే బయల్దేరితే ఎండ ముదిరేసరికి చేరిపోతారు. ఆంధ్రలోకి దిగకుండా వెళ్ళే మోహన, తప్తపాణి కొండదారి కూడా ఉంది, చాలా బాగుంటుంది, ఆ దారిలో చంద్రగిరిలో టిబెట్‌వాళ్ళ బౌద్ధాలయం కూడా చూడొచ్చు. కానీ ఈ ఎండాకాలంలో సాయంత్రాలు కాళబైశాఖి గాలివానలు ముంచుకొస్తాయి, చీకటిపడ్డాక ఆ దారి పెట్టుకోవద్దు.

బరంపురంలో అత్తయ్యగారు నాకోసం బిర్యానీలు వండలేదు. పఖాళ అనే చద్దన్నం, బడి చూరా అనే వడియాల పొడి, వేయించిన చేప పెట్టి పక్కనే కూర్చున్నారు. ఆ ఎండకి అంతకంటే మంచి భోజనం ఏముంటుంది! మావయ్యగారు గుంటమగ్గం దగ్గర కూర్చోబెట్టి, చీర అంచులో గుడి గోపురంలా లేచే కుంభాలు ఎలా వస్తాయో చూపించారు. అది ఠాకురాణి జాతర లేని ఏడు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరలో అమ్మవారు పుట్టింటికని దేశిబెహెరా వీధికి వస్తారు. "వచ్చే జాతరకి నువ్వు ఈ ఇంటి కోడలివి" అన్నారు మావయ్యగారు.

ప్రీవెడ్డింగ్ షూట్ అని గోపాల్‌పూర్ బీచ్‌లో గౌనేసుకుని పరుగెత్తడానికి వేలకు వేలు పోస్తున్నారే, అది నాకు అస్సలు నచ్చదు. ఆ డబ్బు పెట్రోలుకి పెట్టండి. ఫోటోలు మీ నాన్నమ్మ వసారాలో తీసుకోండి.

మీ పెద్దవాళ్ళని ఒప్పించాలంటే పిన్నినో మేనత్తనో వెంట తీసుకెళ్తామనండి, సగం గొడవ తీరిపోతుంది. ఇద్దరిలో ఎవరిదైనా ఒడిశా వైపైతే మాత్రం మే బదులు ప్రయాణం జూన్ నడిమికి జరపండి. అప్పుడు ఒడిశాలో జరిగే రజో పండగ మూడు రోజులూ ఇళ్ళల్లో పోడపిఠా అనే కాల్చిన పిండివంట ఉంటుంది, పెరట్లో ఊయల ఉంటుంది, ఊళ్ళోనే ఉన్న చుట్టాలంతా ఒక్కచోటే దొరుకుతారు.