మెట్ల మీద లైటు గురించి, మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

సిరిపురంలో ఆ ఏడంతస్తుల బిల్డింగు కరెంటు పని మొత్తం నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం నాన్నా. ప్యానెళ్లు, జనరేటరు, లిఫ్టులు నీకు ఎవరో ఒకరు దగ్గరుండి చూపిస్తారు. వాటిలో ఏది ఆగినా నిమిషంలో నీ ఫోన్ మోగుతుంది. మెట్ల దగ్గర గోడకున్న, కరెంటు పోగానే బ్యాటరీతో వెలగాల్సిన ఎమర్జెన్సీ లైటు చచ్చిపోతే మాత్రం నీకు ఎవరూ చెప్పరు. కరెంటు ఉన్నన్నాళ్లూ దానితో ఎవరికీ పనిలేదు. అందుకే ఈ ఉత్తరం దాని గురించే.

ముందు నా తప్పు చెబుతాను. ద్వారకానగర్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్సులో సూపర్‌వైజర్‌గా ఉన్న రోజులు. నెలకోసారి లైటు లైటుకీ వెళ్లి టెస్ట్ బటన్ నొక్కేవాణ్ణి. వెలిగితే రిజిస్టర్‌లో 'ఓకే' రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఒక సాయంత్రం రెండో అంతస్తు నడవా లైట్ల ఎంసీబీ, అంటే ఆ సర్క్యూట్ బ్రేకర్ స్విచ్చి, ట్రిప్ అయి దానంతటదే పడిపోయింది. బిల్డింగంతా కరెంటు ఉంది, ఆ నడవా, దాని పక్క మెట్లూ మాత్రమే చీకటి. మెయిన్ సప్లై పోలేదు కాబట్టి జనరేటరు స్టార్ట్ కాలేదు. ఎమర్జెన్సీ లైట్లూ వెలగలేదు. ఎవరో వాటికి నడవా లైట్ల సర్క్యూట్‌కి బదులు ప్లగ్ పాయింట్ల సర్క్యూట్‌లోంచి వైరు లాగారు. ఆ సర్క్యూట్‌లో కరెంటు ఉంది, ఇక నడవాలో చీకటి పడిన సంగతి ఆ లైటుకి ఎలా తెలుస్తుంది? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని దిగుతున్న ఒకావిడ చివరి రెండు మెట్లు కనబడక పడిపోయింది. మణికట్టు విరిగింది. పిల్లాడికి ఏమీ కాలేదు. రిజిస్టర్‌లో ఆ లైట్ల ఎదురుగా నేను పెట్టిన సంతకం ఆ వారానిదే.

బటన్ నొక్కితే తెలిసేది బల్బు బతికుందనీ, బ్యాటరీలో ఆ నాలుగు సెకన్లకు సరిపడా ఛార్జి ఉందనీ, అంతే. అందుకని నువ్వు ఎంసీబీలుండే పెట్టె, అదే డీబీ, దగ్గరకెళ్లి ఆ నడవా లైట్ల ఎంసీబీనే దించు. ఒక్కో సర్క్యూట్ విడివిడిగా దించి, దాని కిందున్న లైట్లన్నీ వెలిగాయా లేదా తిరిగి చూడు. నెలకోసారి ఇది చెయ్యి. దించేముందు సెక్యూరిటీకి చెప్పు, మెట్ల మీద జనం లేకుండా చూసుకో, జేబులో టార్చి పెట్టుకో.

'జనరేటరు ఉంది కదండీ' అని నీకు చాలామంది చెబుతారు. అది అందుకుని లోడు తీసుకోవడానికే పది, పదిహేను సెకన్లు పడుతుంది. మంటల్లో కేబులే కాలిపోతే జనరేటరు తిరుగుతున్నా మెట్ల దగ్గరికి కరెంటు రాదు. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ఎమర్జెన్సీ లైటు 5 సెకన్లలో వెలగాలనీ, బిల్డింగు ఎంత చిన్నదైనా కనీసం 90 నిమిషాలు వెలుగుతూ ఉండాలనీ చెబుతుంది. మెట్ల ప్రతి వరసకీ వెలుగు నేరుగా పడాలి. నడవా మలుపుల్లో, నేల ఎత్తుపల్లాలు మారేచోట, బయటకెళ్లే తలుపు దగ్గర, ఆ తలుపు దాటాక బయట కూడా ఉండాలి. మంటలార్పే సిలిండర్ల దగ్గర, ఫైర్ అలారం బటన్ దగ్గర కూడా.

ఆ 90 నిమిషాలూ ఉంటుందో లేదో ఏడాదికి ఒకసారైనా పూర్తిగా వెలిగించి చూడాలి. నేనైతే ఆరు నెలలకోసారి చూసేవాణ్ణి, ఇక్కడి ఎండకి ఏడాది ఆగడం నాకు మనసొప్పలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పై అంతస్తు శ్లాబు కింద, ఫాల్స్ సీలింగు లోపల ఉన్నవి ముందు పోతాయి, అక్కణ్ణుంచే మొదలుపెట్టు. అన్నీ ఒకే రాత్రి ఖాళీ చెయ్యకు. మళ్లీ నిండడానికి 24 గంటలు పట్టొచ్చు, ఆ లోపు నిజంగా కరెంటు పోతే బిల్డింగు గుడ్డిదవుతుంది. ఒకటి విడిచి ఒకటి చొప్పున, మర్నాడు సెలవున్న రాత్రి పెట్టుకో. పెట్టాక టీకి వెళ్లకు, అక్కడే ఉండి ఏ నంబరు లైటు ఎన్ని నిమిషాలకు మసకబారిందో రాసుకో. 35 నిమిషాలకే ఆరిందని రాసిన ఒక్క లైను వంద 'ఓకే'ల కంటే విలువైనది. మార్చాక ఆ తేదీ కూడా అదే లైనులో ఉండాలి.

బ్యాటరీలు తొందరగా చచ్చిపోతున్నాయంటే కంపెనీని తిట్టేముందు రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి చూడు. షాపు కట్టేసేవాళ్లు మెయిన్ దించేసి తాళం వేసుకుపోతారు. ఆ మెయిన్ కిందే ఎమర్జెన్సీ లైటు ఉంటే, అది పాపం కరెంటు పోయిందనుకుని ఖాళీ అయ్యేదాకా వెలుగుతుంది. ప్రతి రాత్రీ అదే వరస. పొద్దున్న షాపు తెరిచేసరికి దాంట్లో ఏమీ ఉండదు, మధ్యాహ్నం కరెంటు పోతే వెలగదు. దాని ఛార్జింగ్ ఫేజు, అంటే బ్యాటరీని నింపే కరెంటు లైను, ఎప్పుడూ ఆగకూడదు. ఇది ఒక్కటి సరిచేస్తే బ్యాటరీల ఖర్చు ఎంత తగ్గుతుందో నువ్వే చూస్తావు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నీకు పదేళ్లు ఉంటాయేమో. రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు. లైట్లన్నీ ఆ మొదటి రాత్రే ఖాళీ అయి, అలాగే పడి ఉన్నాయి. లెడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. కరెంటు వచ్చాక ఆకుపచ్చ ఇండికేటర్లు బుద్ధిగా వెలిగాయి, అంతా బాగుందనుకున్నాం. ఎంసీబీ దించి చూస్తే చాలావాటికి పది నిమిషాలు కూడా లేదు. అప్పట్నుంచి తుఫాను వెళ్లిన ప్రతిసారీ మొదటి వారంలోనే పూర్తి టెస్టు పెట్టేవాణ్ణి. నువ్వూ అలవాటు చేసుకో. బీచ్ రోడ్డు వైపు గోడలకున్న లైట్ల మూతలు తీసి టెర్మినళ్లు చూస్తూ ఉండు, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పడుతుంది. నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉన్న చోట లిథియం బ్యాటరీ పెట్టకు, ఛార్జర్ దానికి తగ్గది కాదు.

పండగ సేల్ రోజుల్లో మాత్రం రోజూ ఒక చుట్టు తిరుగు. ఎగ్జిట్ బోర్డుకి అడ్డంగా బ్యానరు కట్టేస్తారు, మెట్ల మీద అట్టపెట్టెలు పేరుస్తారు. గొడవ పడకు, మొహమాటమూ పడకు. నీ చేత్తో తీయించు.

డబ్బులివ్వడానికి ఓనరు వెనకాడితే లెక్కలు చెప్పకు. షాపులు మూశాక ఒక రాత్రి ఆయన్ని ఏడో అంతస్తుకి తీసుకెళ్లి ఎంసీబీ దించు. టార్చి నీ దగ్గరే ఉంచుకుని, ఆయన పక్కనే మెల్లగా కిందికి దిగు. నేను ముగ్గురు ఓనర్లతో అలా దిగాను. ముగ్గురూ మర్నాడే బిల్లు పాస్ చేశారు.

వచ్చే ఆదివారం చీకటి పడ్డాక నేనూ వస్తాను. వెలుగు ఎంత పడుతోందో కొలిచే నా లక్స్ మీటరు ఇంకా పనిచేస్తోంది, తెస్తాను. నువ్వు అన్ని అంతస్తుల డీబీల తాళాలు తీసి ఉంచు, ఏ ఎంసీబీ ఏ నడవాదో కాగితం మీద రాసి పెట్టు.

మీ మావయ్య