నేరాల లెక్కలో అక్రమ వలసదారుల వాటా ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికాలో నేరాలన్నింటికీ దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చినవాళ్లే కారణమని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక వార్త పెడుతున్నారు. జార్జియాలో నర్సింగ్ విద్యార్థినిని చంపినవాడు అలా వచ్చినవాడే కదా అని మా బావగారు అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. నిజం ఎంత?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ బావగారు చెప్పిన ఘటన నిజంగా జరిగినదే. 2024 ఫిబ్రవరిలో ఏథెన్స్ పట్టణంలో ఉదయం పరుగుకు వెళ్లిన ఆ అమ్మాయిని చంపినవాడు 2022లో సరిహద్దు దాటుతూ పట్టుబడి, విడుదలైన వెనెజువెలా దేశస్థుడు. అదే ఏడాది నవంబరులో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. దొంగతనం వంటి కేసుల్లో అరెస్టయిన, కాగితాలు లేనివారిని నిర్బంధంలోనే ఉంచాలని 2025 జనవరిలో ఆమె పేరు మీదనే చట్టం తెచ్చారు. చేతికి చిక్కినవాడిని ఎందుకు వదిలారని అడగడంలో తప్పేమీ లేదు, ప్రభుత్వం దానికి జవాబు చెప్పి తీరాలి. అయితే ఒక హత్య ఎవరు చేశారన్నది ఒక సంగతి, కాగితాలు లేనివారిలో లక్షకు ఎంతమంది నేరాలు చేస్తున్నారన్నది మరో సంగతి. మీ గ్రూపులో తిరిగే వార్తలు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని నమ్మిస్తున్నాయి.

రెండోదానికి జవాబు దొరికేది మీ అబ్బాయి ఉంటున్న టెక్సస్‌లోనే. అమెరికాలో చాలా రాష్ట్రాల పోలీసు రికార్డుల్లో నిందితుడి వలస స్థితి ఉండదు. టెక్సస్‌లో మాత్రం అరెస్టు చేసినవాడి వేళ్లను స్కానర్ మీద ఒత్తించి తీసుకున్న ముద్రలు రాష్ట్ర ప్రజా భద్రతా శాఖకు, అక్కడి నుంచి ఎఫ్‌బీఐకి, ఆపైన వలసల వ్యవహారాలు చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు వెళ్తాయి. అక్కడి రికార్డులతో సరిపోలితే, ఆ మనిషి చట్టబద్ధంగా ఉన్నాడో లేడో తిరుగు సమాచారం వస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ లైట్, మరో ఇద్దరు కలిసి ఈ రికార్డుల్లో 2012 నుంచి 2018 వరకు ఉన్నవాటిని పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. జనాభా నిష్పత్తిలో చూస్తే, కాగితాలు లేనివారికంటే అమెరికాలో పుట్టిన పౌరులు హింసాత్మక నేరాల్లో రెట్టింపుకు పైగా, మాదకద్రవ్యాల కేసుల్లో రెండున్నర రెట్లు, ఆస్తి నేరాల్లో నాలుగు రెట్లకు పైగా అరెస్టయ్యారని తేలింది.

దీని మీద వచ్చిన అభ్యంతరాలనూ కొట్టిపారేయలేము. ఎన్నడూ అధికారుల కంటపడకుండా వచ్చినవాడి వేలిముద్రలు హోంలాండ్ శాఖ దగ్గర ఉండవు కనుక, అతన్ని అరెస్టు చేసినా కాగితాలు లేనివాడిగా గుర్తించలేరు. అలాంటివారిలో కొందరి సంగతి జైలుకు వెళ్లాక గానీ బయటపడదు. వలసలను తగ్గించాలని వాదించే సంస్థలు పట్టుకున్న లోపం ఇది, నిజమైన లోపమే. అంచనాలను రకరకాలుగా మార్చి లెక్క కట్టినా ఫలితం తలకిందులు కాలేదన్నది పరిశోధకుల సమాధానం, నాకది సబబుగానే తోస్తోంది.

లెక్కలో భాగహారానికి వాడే జనాభా కూడా అంచనాయే. మనవాళ్ల విషయమే చూడండి. 2022లో కాగితాలు లేకుండా అమెరికాలో ఉన్న భారతీయులు ఏడు లక్షలకు పైగా అని ప్యూ పరిశోధన సంస్థ అంటే, రెండు లక్షల పైచిలుకే అని హోంలాండ్ శాఖ అంది. ఒకే సంఖ్యలో అరెస్టులను ఈ రెండింటితో భాగిస్తే వచ్చే రేట్లకు పొంతన ఉండదు. అందుకే ఏ జనాభాతో భాగించారో చెప్పకుండా మీ గ్రూపులోకి వచ్చే ఏ శాతాన్నీ నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక సంగతి. దక్షిణ సరిహద్దులో 2022, 2023 ఆర్థిక సంవత్సరాల్లో ఏటా ఇరవై లక్షలకు పైగా పట్టివేతలు నమోదయ్యాయి. వలస వల్ల హత్యలు పెరిగే మాటే నిజమైతే ఆ వెంటనే పెరగాలి. ఎఫ్‌బీఐ లెక్కల్లో మాత్రం 2023లో హత్యలు పదకొండు శాతానికి పైగా, 2024లో దాదాపు పదిహేను శాతం తగ్గాయి. హత్యలు ఒక్కసారిగా ఎగబాకింది 2020లో, కరోనా కాలంలో.

ఈ ఫలితాన్ని అన్ని దేశాలకూ అంటగట్టకూడదు. జర్మనీలో 2023లో, వలస చట్టాల ఉల్లంఘనలను పక్కన పెట్టినా, పోలీసులు నిందితులుగా నమోదు చేసినవారిలో మూడోవంతుకు పైగా విదేశీయులే. జనాభాలో వారి వాటా అందులో సగం కూడా ఉండదు. వారిలో యువకులు ఎక్కువగా ఉండటం, పర్యాటకులను కూడా నిందితుల్లో కలపడం వంటి కారణాలు కొంత ఉన్నా, ఆ తేడాను లేదనడం నిజాయితీ కాదు. మీ అబ్బాయికి మాత్రం కొత్త జాగ్రత్తలేవీ చెప్పనక్కర లేదు. ఎవరికైనా చెప్పేవే చెప్పండి.

ప్రశ్న: ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన మా మేనల్లుడికి అనారోగ్యం వల్ల ఒక సెమిస్టర్ పోయి, స్టేటస్ (వీసా మీద చట్టబద్ధంగా అక్కడ ఉండే అర్హత) కూడా పోయింది. అతన్నీ నేరస్థుడి కింద కడతారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కట్టరు, అమ్మా. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం అక్కడ చిన్న నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు. ఒకసారి పంపించివేశాక మళ్లీ దొంగచాటుగా వెళ్తే పెద్ద నేరం. వీసా మీద వెళ్లి స్టేటస్ పోగొట్టుకోవడం మాత్రం నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. దానికి జైలు శిక్ష ఉండదు గానీ నిర్బంధించి వెనక్కి పంపవచ్చు.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అధికారులే వల పన్ని నడిపిన ఆ నకిలీ సంస్థలో చేరి, మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎందరో పట్టుబడ్డారు. విద్యార్థుల మీద పెట్టినవి వలస ఉల్లంఘన కేసులే. క్రిమినల్ కేసులు పెట్టింది వారిని చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద. అయినా చేతులకు సంకెళ్లు చూసిన ఇంటివాళ్లకు ఆ తేడా ఊరట ఇవ్వలేదు, దాన్ని నేను తేలిక చేసి మాట్లాడను.

మీ మేనల్లుడు వెంటనే తన కళాశాలలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని కలిసి, వైద్యుల కాగితాలు చూపించి, స్టేటస్ పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి. మామూలుగా ఐదు నెలల లోపే అడగాలి, ఈలోగా అనుమతి లేని చోట ఒక్కరోజు కూడా పని చేయకూడదు. గడువు దాటిపోయి ఉంటే, దళారులను కాకుండా లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయరునే సంప్రదించమనండి.